రోజుకి ఏడు శాతం

నాలుగో అంతస్తు, వంటగది బల్ల దగ్గర
మార్చి 4

స్పానరమ్మా,

ఆడపడుచుని ఇలా పిలిచి ఉత్తరం రాసిన వదిన ఎక్కడా ఉండదు. ఏం చేయను, కార్లు బాగుచేసే మీ షెడ్డులో అందరూ నిన్ను అలాగే పిలుస్తారని నువ్వే చెప్పావు, నా నోటికి అంటుకుపోయింది.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. నీ పేరు కనిపిస్తే చాలు, అత్తయ్య మంచం కమ్మీ మీద చెంచాతో టకటకా కొట్టి స్పీకర్ పెట్టమంటుంది. కూతురి గొంతు వినాలని ఉండదా మరి! కానీ స్పీకర్ పెట్టాక ఎవరైనా 'బాగున్నాం' తప్ప ఇంకేం మాట్లాడతారు? పైగా ఇది కారు గొడవ. తనని వ్యాయామానికి తీసుకెళ్ళడానికే ఆ కారు కొన్నామని ఆవిడకి తెలుసు. దానికి ఏదో అయిందంటే తన వల్లే అనుకుని ఏడుస్తుంది. పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయినా ఏడుపు మాత్రం రెండు కళ్ళకీ సమానంగానే వస్తోంది.

సంగతేమిటంటే, జనవరిలో మీ అన్నయ్య కొన్న ఈ కరెంటు కారు నిండా చార్జి చేస్తే రెండు వందల ముప్పై కిలోమీటర్లు వస్తుందని అమ్మినతను చెప్పాడు. మొదటి వారం అలాగే చూపించింది. ఇప్పుడు నూరు శాతం ఎక్కాక కూడా నూట యాభై ఒకటి చూపిస్తోంది. దానికి తోడు, సాయంత్రం ప్లగ్గు పెట్టిన అరగంటకి కింద ఫ్యూజు పడిపోతుంది. వాచ్‌మన్ పైకి వచ్చి మా తలుపు కొడతాడు.

జూన్ ఆఖరులోగా నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానని అమ్మినతను కాగితం రాసిచ్చాడు. మీ అన్నయ్య ఆ కాగితాన్ని రోజుకోసారి తీసి చూసుకుంటున్నాడు. బండి ఇచ్చేసి, వారానికి రెండుసార్లు ఆసుపత్రి వాళ్ళ వ్యాను పెట్టిద్దామంటున్నాడు.

నాకు ఈ కారు ఉండాలి. ఎందుకని అడక్కు. ఉండాలంతే.

నీ వదిన

షెడ్డు, బండ్లెత్తే రెండో లిఫ్టు పక్కన
మార్చి 12

ఎర్రకలం వదినా,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మా మేస్త్రి అనుమానంగా చూశాడు. ఇక్కడ ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఉత్తరం మాత్రం జేబులో పెట్టుకోవచ్చు. కాబట్టి రాస్తూ ఉండు.

ముందు ఫ్యూజు సంగతి. నువ్వు రాయలేదు కానీ, నేను చెబుతాను చూడు. ప్లగ్గు స్తంభానికి ఉంది, బండి దూరంగా ఉంది, మధ్యలో అన్నయ్య చుట్టలాంటి పొడుగు వైరు వేశాడు. కావలసినంత లాగి మిగతాది చుట్టలోనే ఉంచేశాడు. అవునా? అన్నయ్య పొదుపు నాకు తెలియనిదా! చుట్టలో ఉన్న వైరులోంచి గంటల తరబడి కరెంటు పోతే వేడి బయటికి పోయే దారుండదు. ఇవాళే మొత్తం విప్పించి నేల మీద పరిపించు. తర్వాత మందపాటి వైరుతో బండి దగ్గరికే ఒక ప్లగ్గు పెట్టించమను. ఇది ఆషామాషీ కాదు, నిప్పంటుకుంటుంది.

ఇక నూట యాభై ఒకటి. ఆ అంకె కొలిచింది కాదు వదినా, బండి వేసే అంచనా. ఈ మధ్య ఒక్కో కిలోమీటరుకి ఎంత కరెంటు తిన్నానో చూసుకుని, ముందు కూడా అంతే తింటానని లెక్క కడుతుంది. అంటే బ్యాటరీ పాడై ఉండొచ్చు, లేదా బండి ఏదో చోట దండగగా తింటూ ఉండొచ్చు. ఏదో తేలాలంటే పట్టిక రాయాలి. తారీఖు, బండి ఆపినప్పుడు ఎంత శాతం, మళ్ళీ తీసినప్పుడు ఎంత శాతం, ఎన్నింటికి, ఎవరు తీశారు. మూడు వారాలు రాసి పంపు. పట్టిక చూడందే మా మేస్త్రి బానెట్ మూత కూడా ఎత్తనివ్వడు.

అమ్మ వేళ్ళు కదుపుతోందా? చెప్పు.

నీ స్పానరమ్మ

నాలుగో అంతస్తు
ఏప్రిల్ 2

స్పానరమ్మా,

నీ ఉత్తరంలో మూడు అచ్చుతప్పులున్నాయి. దిద్ది దాచాను. ప్రెస్సులో పదకొండేళ్ళు ప్రూఫులు దిద్దిన చెయ్యి, మానేసి ఏడాదిన్నర అయినా ఊరుకోదు. మందుల డబ్బాల మీద తప్పులు కూడా దిద్దుతున్నాను.

వైరు చుట్ట విషయంలో మీ అన్నయ్య నోరెళ్ళబెట్టాడు. చుట్ట ముట్టుకుంటే చెయ్యి కాలింది. విప్పి పరిచిన రోజు నుంచీ ఫ్యూజు పడలేదు. వాచ్‌మన్ నీకు నమస్కారం చెప్పమన్నాడు. కొత్త ప్లగ్గు కూడా పెట్టించారు, కానీ అపార్ట్‌మెంట్ వాళ్ళు సాయంత్రం ఆరు తర్వాతే కరెంటు ఇస్తామన్నారు. పగలు ఆ లైను మీద నీళ్ళ మోటారు నడుస్తుందట.

అత్తయ్య బొటనవేలు, చూపుడువేలు కలుపుతోంది. మొన్న దుప్పటి అంచు పట్టుకుంది. మాట మాత్రం ఇంకా ముద్దముద్దగానే వస్తోంది. ఆవిడ చెప్పింది నాకు అర్థం కాకపోతే నాకన్నా ఆవిడకే ఎక్కువ కోపం.

పట్టిక దీనితో పాటే పెట్టాను. నడిపినప్పుడు బండి బాగానే నడుస్తోంది. వ్యాయామానికి పోనూ రానూ యాభై ఆరు కిలోమీటర్లు, దానికి పావువంతు బ్యాటరీ కూడా కాదు. తరిగేదంతా బండి నిలబెట్టి ఉన్నప్పుడే. రోజుకి ఏడు శాతం. ఒక్కోరోజు ఎనిమిది. మీ అన్నయ్య అంకెలు చూసి, బ్యాటరీకి చిల్లు పడిందా అని అడిగాడు. ఆయన దృష్టిలో అదొక నీళ్ళ ట్యాంకు.

ఎవరు తీశారు అన్న గడి ఖాళీగా ఉంది. ఇంట్లో బండి నడిపేది నేనొక్కదాన్నే కదా, అన్నిచోట్లా 'నేను' అని ఎందుకు రాయడమని వదిలేశాను.

ఎలాగైనా దీన్ని బాగుచెయ్యి.

వదిన

షెడ్డు
ఏప్రిల్ 14

వదినా,

పట్టిక చూశాను. నాలుగుసార్లు చూశాను. ఇంత శుభ్రంగా రాసిన పట్టిక మా షెడ్డు పుట్టాక రాలేదు.

కంగారు పడకు. ఇది పెద్ద బ్యాటరీ రోగం కాదు. బానెట్ కింద ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది, లైట్లకీ తాళాలకీ. అక్కడెక్కడో సన్నగా కరెంటు కారుతున్నట్టుంది. బండి నిలబడి ఉన్నా ఖర్చవుతోంది కాబట్టి, కిలోమీటరుకి చాలా తింటున్నానని దానికదే అనుకుని అంచనా తగ్గించేస్తోంది. అందుకే నూట యాభై ఒకటి. నిజానికి దాని దమ్ము తగ్గలేదు. అన్నయ్యకి విడిగా ఇదే రాశాను, వెనక్కి ఇవ్వాల్సిన అవసరం లేదని గట్టిగా చెప్పాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇంకో మాట. బండి ప్లగ్గుకి తగిలించి ఉండగా ఏసీ వేసుకుంటే బ్యాటరీ తరగదు, గోడలోంచి వచ్చే కరెంటుతోనే నడుస్తుంది. ఎవరికైనా పనికొస్తుందని రాశాను. అపార్ట్‌మెంట్ వాళ్ళని బతిమాలి మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు ఇప్పించుకోగలరేమో చూడండి.

మా దగ్గర ఎండలు మండిపోతున్నాయి. రేకుల కప్పు కింద రబ్బరు గ్లౌజులు వేసుకుని పనిచేస్తే సాయంత్రానికి వేళ్ళు నానిన కాగితాల్లా అవుతున్నాయి. అయినా నాకు ఈ పని ఇష్టం. నీకు తెలుసుగా.

స్పానరమ్మ

నాలుగో అంతస్తు
మే 3

ఆడపడుచు గారికి,

మీరు రాసిన సలహా ప్రకారం మీ అన్నయ్య గారు వెంటనే చర్య తీసుకున్నారు. పక్క వీధిలోని ఎలక్ట్రీషియన్ని పిలిపించి చిన్న బ్యాటరీ దగ్గర ఒక స్విచ్చి పెట్టించారు. దానికి ఎర్ర ప్లాస్టిక్ చెవి ఒకటి ఉంది. అది తీసేస్తే బండి చచ్చినట్టు పడి ఉంటుంది. తలుపు కూడా తెరుచుకోదు. వ్యాయామం ఉన్న రోజుల్లో చెవి బండికే ఉంచి వెళతారు, మిగతా రోజుల్లో తన తాళాల గుత్తికి తగిలించుకుని ఆఫీసుకి తీసుకెళతారు.

మందు బాగా పనిచేసింది. బండి ఇప్పుడు నూట డెబ్భై నాలుగు చూపిస్తోంది. ఆయన మురిసిపోతున్నారు. మా చెల్లెలు అంత దూరం నుంచే రోగం పట్టేసిందని లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్ళకీ చెబుతున్నారు.

అత్తయ్య గారు కులాసా.

వదిన

షెడ్డు
మే 10

వదినా,

ఈ 'మీరు' ఏమిటి, ఈ 'గారు' ఏమిటి? నీ ఉత్తరం చదివితే కోర్టు నోటీసు వచ్చినట్టుంది. ఒక్క అచ్చుతప్పు కూడా ఎత్తి చూపలేదు.

అన్నయ్య స్విచ్చి పెట్టిస్తాడని నేను కల కన్నానా? బండి వెనక్కి పోకూడదని రాశాను. నీకు ఆ కారు ఉండాలన్నావు, ఉంది కదా. అబద్ధమాడినా నీ కోసమే ఆడాను.

కోపం వస్తే తిట్టు. ఇలా మాత్రం రాయకు. భయమేస్తోంది.

స్పానరమ్మ

నాలుగో అంతస్తు, బాత్రూము తలుపు వేసుకుని
మే 22

స్పానరమ్మా,

అబద్ధమాడానని నీ చేత్తో నువ్వే రాశావు. అంటే చిన్న బ్యాటరీలో ఏ లోపమూ లేదని నీకు తెలుసు. అయితే దేనివల్ల తరుగుతోందో కూడా తెలిసే ఉండాలి. తెలిసీ ఆ మాట నాతో అనకుండా అన్నయ్యకి కట్టుకథ రాశావు. ఇక నేను దాచేదేముంది?

ఆ ఏడు శాతం నేనే.

అత్తయ్య భోజనమయ్యాక ఒంటిగంటన్నరకి పడుకుంటుంది. మూడున్నర దాకా లేవదు. ఫిబ్రవరిలో ఒకరోజు కారులో మందుల చీటీ మర్చిపోయి కిందికి వెళ్ళాను. డ్రైవరు సీట్లో కూర్చుని చీటీ వెతికి, తలుపు వేశాను. నిశ్శబ్దం. చెంచా చప్పుడు లేదు, టీవీ లేదు, ప్రెషర్ కుక్కరు లేదు. పది నిమిషాలు కూర్చున్నాను. మర్నాడు అరగంట. మార్చి వచ్చేసరికి రెండు గంటలూ అక్కడే. అద్దాలు దించితే వాచ్‌మన్ చూస్తాడు, ఎత్తితే ఉక్కపోత. అందుకని ఏసీ. సీటు వెనక్కి వాల్చి ఎదురుగా ఉన్న గోడ చూస్తూ కూర్చుంటాను. పుస్తకం కూడా తీసుకెళ్ళను. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటాను. ఒకరోజు గట్టిగా నా పేరు నేనే పిలుచుకున్నాను. ఎవరైనా నన్ను పేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో అనిపించింది.

అవును, అత్తయ్యని ఒక్కదాన్నే పెట్టి, బయట తాళం వేసి వెళ్ళేదాన్ని. ఏదైనా జరిగి ఉంటే? గొంతుకి అడ్డం పడి ఉంటే? ఆ ఆలోచన రాని రోజు లేదు. అయినా వెళ్ళాను. నీ తల్లిని వదిలేసి వెళ్ళానని నీకెలా రాయను? పట్టికలో అంకెలు మార్చేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. ఆ ఒక్క గడి ఖాళీగా వదలగలిగాను.

ఇప్పుడు చెవి మీ అన్నయ్య జేబులో ఉంది. ఒంటిగంటన్నరకి ఇల్లంతా సద్దుమణుగుతుంది, నేను హాల్లో కుర్చీలో కూర్చుని మూడున్నర ఎప్పుడవుతుందా అని చూస్తాను. అక్కడ ఆవిడ ఊపిరి వినబడుతూనే ఉంటుంది. మొన్న ఆవిడ గుక్క తిరగక దగ్గుతుంటే, నీళ్ళ గ్లాసు పట్టుకుని రెండు క్షణాలు అలాగే నిలబడిపోయాను. తర్వాత ఇచ్చాననుకో. ఆ రెండు క్షణాలు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఆయనతో చెప్పొచ్చుగా అంటావు. ఏమని చెప్పను? మీ అన్నయ్య చెడ్డవాడు కాదు. పొద్దున్నే వాళ్ళమ్మకి స్నానం చేయించి, ఆ తర్వాతే ఆఫీసుకి వెళతాడు. 'నీకేం తక్కువ' అని ఒక్కనాడూ అనలేదు. అంటే బాగుండేది, దెబ్బలాడి ఉండేదాన్ని.

వదిన

షెడ్డు వెనక గది
జూన్ 1

వదినా,

ముందు నిజం రాస్తాను, తర్వాత నీ ఇష్టం. తాళం వేసి వెళ్ళానన్న చోట నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మని అలా ఎలా వదిలావని కేకలేస్తూ నాలుగు పేజీలు రాశాను. రాసి, మడిచి, స్టాంపు కూడా అంటించాను. అప్పుడు మేస్త్రి వచ్చి, 'ఏంటమ్మా, మీ అమ్మకెలా ఉంది? ఎవరు చూసుకుంటున్నారు?' అని అడిగాడు. 'మా వదిన' అన్నాను. ఆ నాలుగు పేజీలు చింపేశాను.

పట్టిక చూసిన రోజే నాకు తెలిసింది. ఆదివారాలు శాతం తరగలేదు, ఎందుకంటే అన్నయ్య ఇంట్లో ఉంటాడు. వ్యాయామం రోజుల్లోనూ తరగలేదు. మిగతా రోజులన్నిట్లో ఒంటిగంటన్నర, మూడున్నర. వేరే మెకానిక్ ఎవరైనా అయితే వైర్లు పీకి చూసేవాడు. నాకు ఆ అంకెలు చూడగానే మా ఇల్లు కనబడింది. చిన్నప్పుడు ఆ రెండు గంటలూ అమ్మ పడుకుంటే నేను చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి పారిపోయేదాన్ని.

తెలిసి ఎందుకు నోరు మూసుకున్నాను? నువ్వు ఊపిరాడక కారులో కూర్చుంటున్నావని ఒప్పుకుంటే, తర్వాతి ప్రశ్న నా దగ్గరికే వస్తుంది. ఎవరి అమ్మ? అమ్మకి జబ్బు చేసినప్పుడు నాకు ఈ ఉద్యోగం వచ్చి నెల కూడా కాలేదు. 'నువ్వు వెళ్ళు, నేనున్నాను' అన్నావు. నేను మర్యాదకైనా రెండోసారి అడగలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటావోనని ఆ సాయంత్రమే బస్సెక్కాను.

మేస్త్రిని సెలవు అడిగాను. జీతం లేకుండా ఇరవై రోజులు ఇచ్చాడు. పదిహేనో తారీఖున నేనొస్తాను. నువ్వు బండి తీసుకుని ఇక్కడికి రా. గది తాళం మేస్త్రి దగ్గర ఉంటుంది. షెడ్డులో బండికి పరీక్ష చేయించాలని అన్నయ్యకి చెబుదామా అనుకున్నాను కానీ, ఇంకో అబద్ధం వద్దు. నేనే వచ్చి ఎదురుగా కూర్చుని చెబుతాను.

దూరం నూట యాభై ఎనిమిది. బండి నూట డెబ్భై నాలుగు చూపిస్తోందని భయపడకు. అది ఇంకా నువ్వు కూర్చున్న రోజుల్ని కలిపి లెక్క కడుతోంది. నిదానంగా, ఒకే వేగంతో రా.

స్పానరమ్మ

షెడ్డు వెనక గది, నీ మంచం
జూన్ 18

స్పానరమ్మా,

చేరాను. మొదటి ఇరవై కిలోమీటర్లు అంకె మీదే కళ్ళు. రోడ్డు చూశానో లేదో కూడా తెలియదు. వంతెన ఎక్కేటప్పుడు ఒకేసారి ఆరు తగ్గింది. తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. వెనక్కి తిప్పే చోటు రాలేదు కాబట్టి వచ్చాననుకో, ధైర్యం వల్ల కాదు.

తర్వాత తమాషా జరిగింది. నూట ఎనభైతో బయలుదేరాను కదా, నలభై కిలోమీటర్లు వచ్చాక నూట నలభై చూపించాలిగా? నూట యాభై రెండు చూపించింది. ఇంకో నలభై వచ్చాను, నూట ముప్పై. అంటే నేను వెళుతున్న కొద్దీ ఇంకా వెళ్ళగలనని దానికి నమ్మకం పెరుగుతోంది. ఒక్కదాన్నే పకపకా నవ్వాను. పక్కన లారీ డ్రైవరు తొంగి చూశాడు. మీ షెడ్డు గేటు ముందు ఆపేసరికి ఇంకా ముప్పై నాలుగు శాతం ఉంది.

మీ మేస్త్రి బండికి యంత్రం తగిలించి చూసి, 'బ్యాటరీ గుండ్రాయిలా ఉందమ్మా. ఏ బాధా లేదు. ఇంతకీ ఎవరు పంపించారు మిమ్మల్ని?' అన్నాడు. స్పానరమ్మ అన్నాను. 'ఆ పిల్ల ఊరికే పంపదే' అని ఇంకోసారి తగిలించి చూశాడు.

మొదటి రెండు రోజులు నిద్రపోయాను. మూడో రోజు నుంచి నిద్ర పట్టడం లేదు. ఒంటిగంటన్నరకి కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయి. గదిలో ఒక్కదాన్నే ఉన్నా తలుపు గడియ వేసుకుంటున్నాను. ఇక్కడ నన్ను పిలిచేవాళ్ళు లేరు, అయినా ఎవరో పిలుస్తారని చెవులు రిక్కించుకుని ఉంటున్నాను. అంత దూరం నడిపి వచ్చి కూడా నేను రాలేదు.

మీ అన్నయ్య ఏమన్నాడు? ఫోన్లో 'బాగున్నాను, విశ్రాంతి తీసుకో' అన్నాడు. స్పీకర్ పెట్టి ఉందని తెలుస్తూనే ఉంది.

వదిన

నాలుగో అంతస్తు, వంటగది బల్ల
జూన్ 28

వదినా,

అన్నయ్యతో చెప్పాను. తాళాల గుత్తి తీసి, నీతో పంపిన చెవికి జోడీగా ఉన్న ఎర్ర చెవి విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. 'నాతో ఎందుకు చెప్పలేదే?' అన్నాడు. 'నువ్వు అడిగావా?' అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, నేనూ అడగలేదు.

పదమూడు రోజులు. వ్యాయామానికి ఆసుపత్రి వాళ్ళ వ్యాను పెట్టించాం. నడుము పడిపోయింది. బ్యాటరీ మాడ్యూలు ఎత్తడం తేలిక, అమ్మని పక్కకి తిప్పడం కష్టం. నాలుగో రోజుకే విసుక్కున్నాను. ఏడో రోజున చెంచా లాక్కుని వంటింట్లో దాచేశాను. అరగంట తర్వాత సిగ్గేసి తెచ్చి ఇచ్చాను. నువ్వు ఏడాదిన్నరలో దాన్ని ఒక్కసారీ దాచలేదట. అమ్మే చెప్పింది, రెండు వేళ్ళతో సున్నా చుట్టి.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న అమ్మ పడుకోగానే నేనూ బయటికి వెళ్ళాను. కారు లేదుగా, మెట్ల మీద కూర్చుందామని. కళ్ళజోడు మర్చిపోయి వెంటనే వెనక్కి వచ్చాను. అమ్మ కళ్ళు తెరుచుకుని గోడ గడియారం వైపు చూస్తోంది. నన్ను చూడగానే గబుక్కున మూసేసింది. చిన్నపిల్ల దొంగనిద్ర పోయినట్టు.

పక్కన కూర్చుని అడిగాను. నోరు తిరగదు కదా, చెప్పడానికి చాలాసేపు పట్టింది. జబ్బు చేశాక ఆవిడకి మధ్యాహ్నం నిద్ర పట్టడమే మానేసింది. కళ్ళు మూసుకుంటే నువ్వు కిందికి వెళతావని ఆవిడకి తెలుసు. అందుకని రోజూ రెండు గంటలు కళ్ళు మూసుకుని పడుకునేదట. దాహమేసినా చెంచా ముట్టుకునేది కాదట. స్విచ్చి పెట్టించాక నువ్వు హాల్లోనే కూర్చుంటే ఏం చేయాలో తెలియక ఇంకా గట్టిగా మూసుకునేదట. 'ఎందుకమ్మా?' అంటే, 'అది వెళ్ళాలిగా' అంది. అంతే.

నాకు ఏడుపొచ్చింది. నీకు రాయాలా వద్దా అని ఒక రోజంతా ఆలోచించాను. ఇప్పటిదాకా మనం దాచింది చాలనిపించింది.

నా సెలవు అయిదో తారీఖుతో అయిపోతుంది. ఎప్పుడు బయలుదేరుతున్నావో రాయి.

స్పానరమ్మ

షెడ్డు వెనక గది
జూలై 3

స్పానరమ్మా,

నీ ఉత్తరం చదివి నేనూ ఏడుస్తానని అనుకుని ఉంటావు. నాకు ముందు కోపం వచ్చింది. ఆవిడ మీద, నా మీద, అందరి మీదా. ఆ రెండు గంటలు నేను దొంగిలించుకున్నాననుకున్నాను. దొంగతనం చేశానన్న సిగ్గున్నా, అవి నావి. ఇప్పుడు అవి కూడా ఆవిడ ఇచ్చినవే అని తేలింది. దాహంతో పడుకుని ఇచ్చింది. ఇక ఆ కారులో ఎప్పటికైనా హాయిగా కూర్చోగలనా? మంచితనం కూడా ఇలా మెడకి చుట్టుకుంటుందని నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఇద్దరం, ఒకరి కోసం ఒకరు నోరు నొక్కుకుని బతికాం.

రాత్రంతా ఆలోచించి తెల్లారాక ఏడ్చాను. అది వేరే సంగతి.

అయిదో తారీఖున రావడం లేదు. ఈ వీధి చివర ఒక ప్రెస్సు ఉంది. నిన్న వెళ్ళి అడిగాను. ఒక గాలీ ప్రూఫు నా చేతికిచ్చి దిద్దమన్నారు. తొమ్మిది తప్పులు పట్టాను, అక్కడి ప్రూఫు రీడరు ఆరే పట్టాడట. మూడు నెలల పని ఉంది. చేస్తానని చెప్పాను. అక్టోబరు మొదటి తారీఖున వస్తాను, వచ్చి మూడు నెలలు అత్తయ్య దగ్గర ఉంటాను. ఆ తర్వాత మళ్ళీ నీ వంతు. మీ మేస్త్రితో మాట్లాడాను. నీ ఉద్యోగం మూడు నెలలు ఉంచుతానన్నాడు, అలా మూడేసి నెలలకి ఒకసారి వచ్చి పోతే ఉంచుతానో లేదో మాత్రం చెప్పలేనన్నాడు. నీకు ఆ పని ఎంత ఇష్టమో తెలిసే ఇది రాస్తున్నాను. నాకు నా పని అంతే ఇష్టం. ఆ మాట ఏడాదిన్నర క్రితం చెప్పి ఉండాల్సింది. మీ అన్నయ్య కూడా రోజుకి రెండు గంటలు పగలు ఇంట్లో ఉండాలి. ఎలా ఉంటాడో ఆయన చూసుకోవాలి. ఇది అడగడం కాదు, చెప్పడం. నువ్వు తిడుతూ రాసినా చదువుతాను, రావడం మాత్రం అక్టోబరులోనే.

ఈసారి ఈ ఉత్తరం అత్తయ్యకి నువ్వే పైకి చదివి వినిపించు, ఒక్క ముక్క కూడా వదలకుండా. తర్వాత నేను చెప్పానని చెప్పు. మధ్యాహ్నాలు ఇక కళ్ళు మూసుకోవద్దని. దాహమేస్తే చెంచాతో కొట్టమని. ఇక నుంచి నేను వెళ్ళేటప్పుడు ఆవిడ కళ్ళలోకి చూసి, చెప్పే వెళతాను.

నీ వదిన